వెనక నుంచి పిలిస్తే

మార్చి 3, సోమవారం

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. పత్రికలో ఉన్నన్నాళ్లూ మనుషుల్ని వెతికి మాట్లాడించాను. ఇక్కడా అదే పని, పేరు మారింది. పార్టిసిపెంట్ రిక్రూటర్. పత్రిక అచ్చు వేయడం మానేసినా నా కాళ్లకున్న చక్రాలు ఊడలేదని మా ఆయన అన్నాడు.

వస్తువు చూశాను. చిక్కుడు గింజంత ఉంది. చెవిలో పెట్టుకుంటే గోలలోంచి మనిషి మాటను ఏరి వినిపిస్తుందట. పేరింకా పెట్టలేదు. ఆఫీసులో అందరూ గింజ అంటున్నారు.

మేనేజర్ నాకన్నా బాగా చిన్నది. మొదటి పలకరింపులోనే అక్కా అంది. సౌండ్ ఇంజనీరుని డెసిబెల్ అంటారు. తలుపు పడిన చప్పుడుకి కూడా నంబరు చెబుతాడు.

కావలసింది పన్నెండు మంది వాలంటీర్లు. యాభై దాటి ఉండాలి, చెవి మందగించి ఉండాలి, ఇలాంటి పరికరం ఎప్పుడూ వాడి ఉండకూడదు. నెలాఖరుకి పైవాళ్లకి ఫలితాలు చూపించకపోతే గింజ అటకెక్కుతుంది.

పని ఇది అని ఒక్క వాక్యంలో చెప్పిన బాస్ నాకు ఇన్నాళ్లకి దొరికింది. నాకు హుషారుగా ఉంది.

మార్చి 5, బుధవారం

ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చారు. గిఫ్ట్ కార్డ్ అనేసరికి జనం ఎగబడ్డారు. వయసు యాభై రెండని రాసినవాడి తలలో నెరిసిన వెంట్రుక ఒక్కటి లేదు. రెండు చెవులూ వినపడవని దీనంగా చెప్పాడు. మంచినీళ్లు తెచ్చే వంకతో వెనక్కి వెళ్లి, గిఫ్ట్ కార్డులు అయిపోయాయట పాపం అని గొణిగాను. గిరుక్కున తిరిగాడు.

మేనేజర్ నవ్వలేక కడుపు పట్టుకుంది. దీనికి వెనక పరీక్ష అని పేరు పెట్టింది. సాయంత్రానికి పందొమ్మిది మందిని ఏరిపారేశాను. మిగిలింది సున్నా.

మార్చి 6, గురువారం

చెవి డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాను. ఎవరూ తమకి చెవుడని ఒప్పుకోరు. ఒకాయన ఈ కాలం వాళ్లకి నోరు తెరిచి మాట్లాడటం రాదన్నాడు. ఒకావిడ తన కోడలు కావాలనే లోగొంతుతో మాట్లాడుతుందని చెప్పింది. కోడలు పక్కనే ఉంది. వీధిలోకి వినిపించేలా జవాబు చెప్పింది.

వాలంటీర్ కావాలని అడగడమంటే, ముందు చెవుడు ఒప్పుకోమని అడగడమే. అడిగే పద్ధతి మారాలి.

మార్చి 7, శుక్రవారం

మెషిన్ హాల్! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాను.

మార్చి 9, ఆదివారం

మా పత్రిక మెషిన్ హాల్లో పనిచేసినవాళ్లలో చెవులు బాగున్నవాళ్లు తక్కువ. ఆ యంత్రం తిరుగుతుంటే నేల అదిరేది. కాగితం ఉండ చెవిలో కుక్కుకుని తెల్లవార్లూ నిలబడేవాళ్లు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి సైగలతో, నోటి కదలికలతో మాట్లాడుకునేవాళ్లు. నా వార్త ఆలస్యమైతే నన్ను తిట్టింది కూడా అలాగే. శబ్దం లేని తిట్లు. అర్థమయ్యేవి.

వాళ్ల ఫోర్‌మన్ ఇంటికి వెళ్లాను. నేను బాబాయి అనే పిలుస్తాను. ఆయన నన్ను రిపోర్టరమ్మా అంటాడు. కిటికీ పక్క కుర్చీలో పాత గోడగడియారం విప్పుకుని ఉన్నాడు. నేను గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. నీడ పడితే తలెత్తాడు.

పిన్ని వంటింట్లో ఉంది. టీలో చక్కెర వేయాలా అని ఆయన్ని అడగడానికి గోడ పట్టుకుని నడిచి వచ్చి, ఆయన ముందు నిలబడి, అడిగి, మళ్లీ గోడ పట్టుకుని వెళ్లింది. గ్లాసు ఇవ్వడానికి మళ్లీ వచ్చింది. తన చెల్లెలు ఫోన్ చేసిందని చెప్పడానికి ఇంకోసారి. మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. పిలిస్తే సరిపోయే ఇంట్లో ప్రతి మాటకీ నడుస్తోంది. ఈయనకి ఒక్క ముక్క చెప్పాలంటే తనకొక ప్రయాణం అంది. బాబాయి తలొంచుకుని గడియారం మరమేకు తిప్పాడు. ఆ మాట ఆమె ఎదురుగా నిలబడే అంది మరి.

ఇంతలో కళ్లజోడు గొడవ. ఇద్దరివీ ఒకే షాపువి, ఒకే ఫ్రేము. ఆమెది కూడా ఆయన జేబులోనే ఉంది. ఇది రోజూ ఉండేదేనట.

చెవుడు మాట ఎత్తలేదు. ఒక కొత్త యంత్రం వచ్చింది, ఇంకా కుదరలేదు, వేస్టు కాపీలు చూసిపెట్టాలి అన్నాను. మెషిన్ మొదలెట్టగానే వచ్చే కాపీల్లో రంగులు కుదరవు. అవి చూసి తప్పు పట్టడం ఫోర్‌మన్ పని. ఆయన ఊ అనేదాకా ఒక్క కాపీ బయటికి పోదు.

బాబాయి గడియారం పక్కన పెట్టాడు. ఎప్పుడు రావాలి అని అడిగాడు. తానొక్కడే చాలడని, తన బ్యాచ్ మొత్తాన్ని తెస్తానన్నాడు.

నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా పిన్ని వచ్చింది. అడగాలా వద్దా అనుకుంటూ అడిగింది.

"అమ్మాయ్, అది పెట్టుకుంటే నేను వంటింట్లోంచి పిలిస్తే పలుకుతారా?"

తెలియదు, చూద్దాం అన్నాను. తెలియనిదాన్ని తెలియదనడం నా అలవాటు. కానీ మెట్లు రెండేసి దిగాను.

మార్చి 13, గురువారం

పన్నెండుకి పన్నెండు మందీ! మెషిన్ మనుషులు ఎనిమిది మంది, బైండింగ్ సెక్షన్ వాళ్లు నలుగురు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని డ్యూటీకి వచ్చినట్టు వచ్చారు. గిఫ్ట్ కార్డ్ సంగతి చెబితే బాబాయికి కోపం వచ్చింది. చూసిపెట్టమని పిలిచి బహుమతి ఇవ్వడమేంటి అన్నాడు. టీ బిస్కెట్ల దగ్గర రాజీ కుదిరింది.

మార్చి 17, సోమవారం

సెషన్లు అయిపోయాయి. ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, స్పీకర్లలో బజారు గోల పెట్టి, మేనేజర్ ఒక్కో వాక్యం చెప్పింది. వాళ్లు తిరిగి చెప్పాలి. నూటికి తొంభై దాటింది. బాబాయికి తొంభై ఏడు! ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే మాట, బాగుంది. మేనేజర్ ఎగిరి గంతేసింది. డెసిబెల్ నా చెయ్యి పట్టుకుని ఊపి వదల్లేదు. ఎల్లుండి పైవాళ్ల ముందు డెమో.

పిన్నికి చెప్పొద్దామని మనసు లాగింది. ఆగాను. రెండో సోర్స్ లేకుండా వార్త వేయకూడదు.

మార్చి 18, మంగళవారం, ఉదయం

డెసిబెల్ పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది. గింజలో ఉండే రికార్డు తీసి చూశాడట. బాబాయి సెషన్‌లో మొదటి నిమిషం తర్వాత ఏమీ లేదు. గింజ ఆపేసి ఉంది. ఇంకో నలుగురిదీ అంతే.

ఆపేసిన గింజతో తొంభై ఏడు.

సాఫ్ట్‌వేర్ తప్పు అయుంటుందని మేనేజర్ అంది. కాదని నాకు అప్పుడే తెలిసింది.

మార్చి 18, సాయంత్రం

బాబాయిని కలిసి వచ్చాను. అడిగితే ఆశ్చర్యపోయాడు. ఏ యంత్రం చేతికిచ్చినా ముందు స్విచ్ నొక్కి ఆగుతుందో లేదో చూసుకోవాలి కదా అన్నాడు. హాల్లో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. వేళ్లు మిగిలాలంటే ముందు ఆపడం తెలియాలి. అలాగే ఆపి చూశాడు. తిరిగి వేయడం మరిచాడు. అయినా బాగానే వినిపించిందన్నాడు. అబద్ధం కాదు. ఏళ్ల తరబడి పెదాలు చూసి చూసి, విన్నదీ చూసిందీ ఆయనకి ఒకటే అయిపోయాయి.

మేం కొలిచింది గింజని కాదు, మెషిన్ హాల్‌ని.

గిఫ్ట్ కార్డు కుర్రాడికి వెనక పరీక్ష పెట్టాను. నా వాళ్లకి పెట్టలేదు. తెలిసిన సోర్స్ కదా, క్రాస్ చెక్ ఎందుకు అనుకున్నాను. కొత్తగా చేరిన రిపోర్టర్ ఇది చేస్తే కాపీ ముఖాన కొట్టేదాన్ని.

మేనేజర్‌కి అంతా చెప్పాను. రేపు డెమో ఆపనా అక్కా అంది. డెమో వద్దు, అందరినీ వెనక్కి తిప్పి కూర్చోబెడదాం, పైవాళ్లని కూడా రమ్మను అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత ఫోన్ తీసింది. ఈ పిల్ల దగ్గర నేను చాలా ఏళ్లు పనిచేయగలను.

మార్చి 19, బుధవారం

గింజ వెలుగుతోందని డెసిబెల్ ప్రతి చెవి దగ్గరా చూసుకున్నాడు. అందరూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మేనేజర్ వెనక నిలబడి చదివింది.

నూటికి ముప్పై ఒకటి.

గదిలో సూది పడితే వినపడేది, మా వాళ్లకి తప్ప. పైనుంచి వచ్చిన ఇద్దరూ గడియారాలు చూసుకున్నారు. అప్పుడు బాబాయి లేచి ఇటు తిరిగాడు. అరచెయ్యి మెడకి అడ్డంగా గీశాడు. బండి ఆపండి అని మెషిన్ హాల్ సైగ. ఆయన్ని చూసి మిగతా పదకొండు మందీ అదే సైగ చేశారు. బాబాయి అన్నాడు:

"ఇది వేస్టు కాపీ. మొన్న ఈ పిల్లలు నొచ్చుకుంటారని బాగుందన్నాం. ఇవాళ నిజం చెబుతున్నాం."

ఆ ఒక్క మాటతో గది మారిపోయింది. బాగుంది తప్ప ఇంకో మాట రాని నోళ్లు వరదలా తెరుచుకున్నాయి. నా వెనక ఉన్న గొంతు గోడ అవతల ఉన్నట్టుంది అని ఒకరు. కుర్చీ కిర్రుమంటే వినిపిస్తోంది, మనిషి మాట వినిపించడం లేదని ఇంకొకరు. డెసిబెల్ రాసుకుంటూ రాసుకుంటూ తల కొట్టుకున్నాడు. గింజ ముందున్న గొంతునే మనిషి అనుకుంటుంది. వెనక నుంచి వచ్చే ప్రతిదీ దానికి గోలే. అలా తయారుచేసింది తనే. మాట్లాడేవాళ్లు ఎదురుగానే ఉంటారు కదా అనుకున్నాడట.

ఇల్లు అలా ఉండదు అన్నాను. పిన్ని మోకాళ్ల సంగతి చెప్పాను. పైనుంచి వచ్చినవాళ్లలో పెద్దావిడ నా మాట శ్రద్ధగా విని, ఏప్రిల్ మొదటివారం దాకా గడువు ఇచ్చింది.

మొన్న గెలిచామనుకున్నప్పుడు కూడా ఇంత ఉత్సాహం రాలేదు.

మార్చి 25, మంగళవారం

రోజూ వస్తున్నారు. తమకి వేస్టు కాపీ కమిటీ అని పేరు పెట్టుకున్నారు. డెసిబెల్ మార్చడం, వీళ్లు మెడ మీద గీయడం. నిన్న ఒకాయన గీయబోయి సగంలో ఆగాడు. డెసిబెల్ ఆ సగానికే టీ పార్టీ ఇచ్చాడు.

మార్చి 28, శుక్రవారం

నూటికి యాభై ఎనిమిది. బాబాయి మెడ మీద గీశాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఖరి సెషన్. పైవాళ్లు వచ్చారు. అలవాటైన గొంతు ఉండాలని డెసిబెల్ అడిగితే ప్రతివాళ్లూ ఇంటి మనిషిని తెచ్చుకున్నారు. పిన్ని ఆటోలో వచ్చింది. బాబాయి గోడ వైపు కూర్చున్నాడు. ఎదురుగా అద్దం లేదు, కిటికీ లేదు, నేనే చూసుకున్నాను. గింజ వెలుగుతోంది. స్పీకర్లలో బజారు గోల మొదలైంది.

పిన్ని చేతికి వాక్యాల కాగితం ఇచ్చాం. దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. సంచిలో వెతికింది. మేనేజర్ మొదలెట్టమని చెయ్యి ఊపింది. పిన్ని ఎవరితోనూ కాకుండా, తనలో తాను అనుకున్నట్టు, మామూలు గొంతుతో అంది:

"నా కళ్లజోడు మళ్లీ ఈయన జేబులోకే పోయింది. నేనేం చదవను, నా తలకాయ?"

బాబాయి తిరగలేదు. చొక్కా జేబులోంచి ఒక కళ్లజోడు తీశాడు. అది తనది. మళ్లీ జేబులో పెట్టి, రెండోది తీశాడు. భుజం మీదుగా వెనక్కి చాపాడు.

"ఎందుకే అరుస్తావు? ఇదిగో."

డెసిబెల్ గోల ఆపేశాడు. ఆపకపోయినా ఎవరికీ ఏమీ వినపడేది కాదు. పిన్ని ఆ కళ్లజోడు అందుకుంది. పెట్టుకోలేదు. కొంగుతో తుడుస్తూ నిలబడింది. అద్దాల మీద మరకేమీ లేదు. అయినా తుడిచింది.

తర్వాత అంది, ఇక నుంచి నోరు అదుపులో పెట్టుకోవాలన్నమాట అని. గోడ వైపు నుంచి బాబాయి, పెట్టుకుంటే మంచిదే అన్నాడు. గదిలో అందరం ఒక్కసారి నవ్వాం. ఎందుకు నవ్వుతున్నారని ఆయన వెనక్కి తిరిగాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. కాసేపు పిన్ని ముఖం చూశాడు. ఈసారి పెదాలు చదవడానికి కాదు.

ఆ వాక్యం కాగితంలో లేదు. ఫలితాల్లో లెక్కకి రాదని మేనేజర్ అంది. పైనుంచి వచ్చిన పెద్దావిడ, నా లెక్కకి వస్తుంది అంది.

కాగితంలో ఉన్నవి తర్వాత చదివారు. నూటికి ఎనభై నాలుగు. బాబాయి మెడ మీద గీయలేదు. బొటనవేలు పైకెత్తాడు. ఇక కాపీలు వదలండి అని సైగ.

నెలరోజుల పాటు ఇళ్లలో వాడి చూడమని పన్నెండు గింజలు పన్నెండు మందికీ ఇచ్చి పంపాం.

ఏప్రిల్ 5, శనివారం

నిద్రపోలేదు. మా ఆయన్ని లేపి మొత్తం రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఉదయం ఫోన్ మోగింది. బాబాయి. ఆయన ఫోన్‌లో మాట్లాడగా నేనెప్పుడూ ఎరగను. ఏమైందని అడిగాను. ఏమీ లేదట. ఊరికే చేశాడట.