తలగుడ్డకు కాపలా

నువ్వు చనిపోయిన నెలకే నీ పసిపిల్లల బడిగదిని ఎరువు బస్తాలతో నింపేశారు అత్తా, సిగ్గులేని ఎస్టేటువాళ్లు. ఏడాదిపాటు గొడవపడి, పామాయిలు గెలలు కోసే మేమే ఖాళీ చేయించి ఇవాళ తెరిచాం; నీ చోట పిల్లలను నేను చూసుకుంటున్నా.

వాళ్లమ్మ తోటకు ట్రాక్టరెక్కగానే మూడేళ్ల రూతు గుమ్మంలో పడి ఏడ్చింది. బిస్కెట్టిస్తే విసిరేసింది. చిన్నప్పుడు నా ఏడుపు నువ్వెలా ఆపావో గుర్తొచ్చింది. ట్రాక్టరు వెనక పరుగెత్తి వాళ్లమ్మ తలగుడ్డ తెచ్చి, నీ మాటే, నీలాగే చివర 'లా' తగిలించి చెప్పాను: "ఇది మీ యమ్మది. సాయంత్రం దాకా నువ్వే కాపలా లా!"

"ఎవులూ ముట్టకండి," అని పిల్లలను బెదిరించి, గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాళ్లమ్మ మాత్రం ఏడుస్తూనే పోయింది. నన్ను నీ దగ్గర వదిలి మా అమ్మ నవ్వుతూ పోయేది. అలా నవ్వేలా మా అమ్మకేం చెప్పేదానివి? రేపు పొద్దున ట్రాక్టరు వచ్చేలోగా చెప్పు.