దండ వేసిన పటం

ఆగస్టు 4, సోమవారం

నా కొడుకు దానియేలుకు మోకాలు ఎలా ఉందో. కోడలు సుగుణకు ఆ పొడి దగ్గు తగ్గిందో లేదో. పాపకు జ్వరమన్నారు, మళ్ళీ కబురు లేదు. ఇక్కడ నంద్యాల్లో నా కూతురు రాణికి షుగరు, అల్లుడికి నడుము. నాకా... గుండెదడ. అది ఎప్పుడూ ఉన్నదే.

ఆళ్లగడ్డకు ఫోన్ చేసి అందరినీ వరసగా అడిగాను. దానియేలు అన్నిటికీ "బాగుండాం మా" అన్నాడు. చివర్లో వాడే అడిగాడు.

"ఆ సినిమా నంద్యాల్లో పడిందంట గదా. చూసినోళ్ళు ఏమంటాండారు?"

కర్రసాము సినిమా, రెండో భాగం. మొదటి దాంట్లో నా కొడుకే హీరో. ఆఖరి ఫైటులో గోడ మీద నుంచి దూకి మోకాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వేరే పిల్లవాడు. తమ్ముడి వేషమట, వాడే హీరో. మావాడు ఆళ్లగడ్డలో బావమరిది కొట్టంలో రాతి బొమ్మలకు నునుపు పెడుతూ కూర్చున్నాడు.

"ఫోన్లో అందరూ రాస్తాంటారంట గదా నాయనా, చూసుకో."

"ముక్కూ మొగం తెలీనోళ్ళు రాసేది నాకొద్దు మా. మనోళ్ళు ఏమంటాండారో నువ్వు కనుక్కో."

ఇంకో మాటన్నాడు. కథలో అన్న చావలేదు కదా, మోకాలు కుదురుకుంటే మూడో భాగానికి తననే పిలుస్తారని. ఆ మాట అనేటప్పుడు గొంతు... ఎన్నాళ్ళకో వెలుగు వచ్చినట్టు.

ఆగస్టు 5, మంగళవారం

ఆటో ఖాజాను అడిగాను. చూశాడట.

"కొత్తోడు బాగా ఎగురుతాడు అవ్వా. అయితే మీవోడు కొడితే తగిలినట్టుండె. ఈడు కొడితే డ్యాన్సు చేసినట్టుండాది."

దానియేలుకు వెనక సగం చెప్తాను. ముందు సగం వద్దు.

ఆగస్టు 6, బుధవారం

అంగడి సుబ్బమ్మ పప్పు కట్టిస్తూ — "ఏమనుకోవద్దు పెద్దమ్మా, ఈ పిల్లోడే బాగుండాడు. మీవోడు నవ్వేవోడే కాదు. ఎప్పుడు చూసినా అప్పు అడగొచ్చినట్టు మొగం."

ఇది అసలే చెప్పను. పప్పు అక్కడే వదిలేసి వచ్చాను, మళ్ళీ పోయి తెచ్చుకున్నాను.

ఫోన్లో — "అందరూ నిన్నే అడుగుతాండారు నాయనా."

"నిజంగానా మా?"

"నిజంగానే."

ఆగస్టు 10, ఆదివారం



చర్చి మెట్ల మీద ఎలీశమ్మ నన్ను పట్టుకుని భోరుమంది. "ఎప్పుడు పోయినాడు వదినా? మాకొక్క మాట చెప్పల్యా!"

ఎవరు పోయారు? అల్లుడు ఇంట్లోనే ఉన్నాడే...

"దానియేలు! సినిమాలో పటం చూస్తిమి గదా. దండేసి, దీపం పెట్టి..."

మెట్ల మీదే కూలబడి ఫోన్ కొట్టాను. మోగుతూ ఉంది, ఎత్తడు. మోగుతూ ఉంది.

"ఏందీ మా?"

"అన్నం తిన్నావా నాయనా?"

"పొద్దున్నే అన్నమేంది మా? ఏడుస్తాండావా?"

"లే. జలుబు."

ఎలీశమ్మ ఇంకా ముక్కు చీదుతూనే — "బతికుండాడా? అయితే మంచిదే లే."

ఆగస్టు 11, సోమవారం

సుబ్బమ్మను తోడు తీసుకుని పోయి చూశాను.

మొదట్లోనే వచ్చింది. గోడకు పటం. వాడి పెళ్ళినాటి ముఖం, కోటు వరకు కోసేశారు. బంతిపూల దండ. నుదుటిన కుంకుమ. పుట్టినప్పటి నుంచి బొట్టు ఎరగని నుదురు. ముందు దీపం. ప్రభువా, బతికున్న బిడ్డకు...

ఆ ఫోటో వాళ్ళకు యాడిది? ఎవరిచ్చారు?

కొత్త పిల్లవాడు పటం ముందు నిలబడి "అన్నా" అన్నాడు. పటం కింద పెట్టిన కర్ర తీసుకున్నాడు, ఎడమ చేత్తో ఒక్కసారి తిప్పాడు. నా కొడుకు తిప్పుడు అది! దాంతో హాలంతా లేచింది. ఈలలు, కేకలు, కాగితాలు చించి ఎగరేశారు. పక్కన సుబ్బమ్మ కూడా చప్పట్లు. "చూడు పెద్దమ్మా, మీవోనికే ఇదంతా!"

అంత ఈల సినిమా మొత్తంలో మళ్ళీ లేదు. కొత్తవాడు గాలిలో ఎగిరినా లేదు.

వాడికి ఆ ఈల వినిపించాలి. ఆ దండ కనిపించకూడదు. రెండూ ఒకే చోట పెట్టారు.

ఆగస్టు 12, మంగళవారం

సుగుణకు ఫోన్ చేశాను, తనకు అంతా తెలుసు. పోయిన వారమే ఎవరో ఫోన్లో చూపించారట. "చెప్పొద్దత్తా. మూడో భాగం, మూడో భాగం అనుకుంటా మెట్లెక్కడం దిగడం చేస్తాండాడు. మొన్నటిదాకా మంచం దిగల్యా ఆయప్ప." అని ఒకటే ఏడుపు.

పాస్టరమ్మకు చెప్పుకుంటే: "దండకు భయపడతామా అమ్మా మనం?" నేను దండకు భయపడడం లేదు. అని రాస్తున్నాను గానీ భయంగానే ఉంది.

ఆగస్టు 13, బుధవారం

సినిమా ఎప్పుడు తీసేస్తారని ఖాజాను అడిగాను.

"యాడ తీస్తారు అవ్వా, బాగా ఆడతాండాది!" సంతోషపడతానని చెప్పాడు పాపం.

తీసేయాలని ప్రార్థన చేశాను. తప్పేమో.

ఆగస్టు 14, గురువారం

నోరు ఊరుకోలేదు. ఫోన్లో వాడి గొంతు దిగులుగా ఉంటే చెప్పేశాను — ఈలలు, కాగితాలు, హాలు లేవడం.

"నాకా మా? నేను ల్యాకున్నా?"

"నీకే నాయనా. నీ ఎడం చేతి తిప్పుడు చూసి."

"ఏ సీన్లో?"

"...మొదట్లో యాడో."

 నవ్వాడు. నా కొడుకు, నవ్వడం రాదన్నారే, వాడు. "అయితే నేను చూడాల్సిందే మా. వస్తాండాం."

వద్దనడానికి మోకాలు నొప్పి అన్నాను. బస్సులో రద్దీ అన్నాను. అన్నిటికీ "బాగుండాం మా".

ఆగస్టు 15, శుక్రవారం

పటం వచ్చేది మొదట్లోనే. వాళ్ళొచ్చిన రోజు వంట ఆలస్యం చేస్తే ఆ ముక్క దాటిపోతుంది. తర్వాత చచ్చిపోయిన అన్న అని ఎవరైనా అంటే అప్పుడు గట్టిగా దగ్గుతాను. కానీ ఆలస్యమైతే ఈల ఉండదు... ఈల కోసమే వస్తున్నాడు. మాంసం ముందే ఉడికించి పెట్టనా, వద్దా.

పదిహేడు, ఆదివారం. చర్చి కాగానే బస్సెక్కుతారట. సుగుణ, పాప, వాడు. మ్యాట్నీకి.