సామానుగదిలో చెల్లెలి అర

ఫాల్గుణ శుద్ధ పంచమి, సోమవారం

రంగమ్మ వచ్చి వెళ్లింది. గంటసేపు కూర్చున్నది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. నా చెల్లెలే అయినా, భర్త పోయిన నాటి నుండి తన మడి తనది, తన గిన్నెలు తనవి. ఉగాది దాటగానే ఆమె మరిది వీరేశం ఆమెను పర్భణీలో ఉన్న తన కూతురి ఇంటికి వంటకు పంపివేస్తాడట. పంపితే ఇక ఈ ఊరికి రానిస్తారని నాకు నమ్మకం లేదు.

ఇక్కడికే వచ్చి ఉండమన్నాను. నీ మేలు కోరి చెబుతున్నాను, అన్నాను. లేచి వెళ్లి, వంటింట్లో పొయ్యికి ఎడమ పక్కనే ఉన్న సామానుగదిలోకి తొంగి చూసింది.

"నా గిన్నెలు యాడ పెట్టుకోవాలె అన్నా? గీండ్ల చెయ్యి వెట్ట సందు లేదు."

నిజమే. నా భార్య కమలమ్మ పోయి నాలుగు నెలలు. ఆ గది తలుపు ఒక రెక్క మాత్రమే తీసి, చేతికి అందినది తెచ్చుకొని వండుకుంటున్నాను. రెండవ రెక్క తీయలేదు...

షష్ఠి, మంగళవారం

కొలిచాను. నిడివి నాలుగు మూరలు, వెడల్పు రెండున్నర. గోడకు మూడు అరలు. కింద నేల కనిపించదు. ఒక అర పూర్తిగా ఖాళీ కావాలి. ఉగాదికి ఇరవై నాలుగు రోజులు.

సప్తమి, బుధవారం

అన్నీ వాకిట్లోకి తెచ్చి పరిచాను. మూతలు లేని డబ్బాలు ఆరు, డబ్బాలు లేని మూతలు తొమ్మిది. మెంతులు నాలుగు చోట్ల — రెండు పొట్లాలు, ఒక సీసా, ఒక గుడ్డ మూట. పగిలిన జాడీలో దారపు ఉండలు. చింతపండు కుండ. ఉప్పు ఏది, పటిక ఏది అని నాలుకతో చూసి తెలుసుకున్నాను. ముప్పై అయిదేళ్లు ఈ గదిలో నుండి వచ్చిన అన్నం తిన్నాను.

పాలు పోయడానికి వచ్చిన యాదమ్మ — జహనుమా నుండి మా శాలిబండ దాకా ఆమె పాలే — గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇల్లు ఖాళీ జేస్తున్నవా ఏంది పంతులూ?"

రంగమ్మ విషయం చెప్పాను. ఆమె చేయి చాచి గది మూలకు చూపింది. అక్కడ ఇంకా ఒకటి మిగిలి ఉన్నది: నా ఇనుపపెట్టె. పాత హాజరు పట్టీలు, పిల్లల కాపీ పుస్తకాలు, నేను దిద్దిన పరీక్ష కాగితాలు.

"అమ్మ సామాను బయటేసి నీది లోపట్నే ఉంచినవ్. మంచిగనే ఉన్నది లెక్క."

తర్వాత కొలిచి చూశాను. గదిలో మూడవ వంతు ఆ పెట్టెదే.

అష్టమి, గురువారం

ఇనుపపెట్టెను వసారాలోకి ఈడ్చి, అందులోని కాగితాలు, కాపీ పుస్తకాలన్నీ మూల మీది కిరాణా దుకాణానికి పొట్లాలు కట్టుకోవడానికి ఇచ్చివేశాను. ఇచ్చే ముందు ఒక పుస్తకం తెరిచాను. అక్షరాలు నిలువుగా ఉన్నాయి, ఒత్తులు సరిగా కూర్చున్నాయి. ఎవరి చేతివ్రాతో గుర్తు రాలేదు. మూసేశాను.

నవమి, శుక్రవారం

సున్నం వేశాను. తలుపు పైన ఒక చెక్కపలక బిగించి, ఏడాదికి ఒకసారి దించే పెద్ద గిన్నెలు అక్కడికి ఎక్కించాను. గోడకు మేకులు కొట్టాను. గరిటెలు, జల్లెడలు, చేట — అన్నీ వేలాడుతున్నాయి. మెంతులు ఒక్క సీసాలోకి చేరాయి. చిన్న డబ్బాలను పెద్ద డబ్బాల మీద నిలిపాను.

మధ్య అర ఖాళీ అయింది. చేతికి తిన్నగా అందే అర. నడుము నొప్పి. అయినా రెండుసార్లు లేచి వెళ్లి చూసి వచ్చాను.

దశమి, శనివారం

మైదాపిండి ఉడికించి, చీటీలు అతికించాను. గుండ్రని అక్షరాలు, నల్లసిరా. ప్రతి డబ్బాకు పేరు. సామానంతా అకారాది క్రమంలో సర్దాను: అటుకులు, ఆవాలు, ఇంగువ, ఉప్పు... కందిపప్పు, కారం, కిరసనాయిలు, కుంకుడుకాయలు. యుద్ధం వచ్చినప్పటి నుండి కిరసనాయిలు దొరకడం లేదు. వసారాలో ఉంచితే ఎవరైనా ఎత్తుకుపోతారు. లోపల దానికి ఒక నియతమైన స్థానం ఏర్పడినందుకు సంతోషం. ఇన్నాళ్లూ ఈ గదికి ఒక పద్ధతి అంటూ లేదు. ఇప్పుడు ఎవరు వచ్చినా వెతకనక్కరలేదు.

ఖాళీ అర అంచున చివరి చీటీ అతికించాను. అన్నిటికంటె పెద్ద అక్షరాలు. రంగమ్మ.

ఏకాదశి, ఆదివారం

ఆమెకు ఉపవాసం. కబురు పంపలేదు.

ద్వాదశి, సోమవారం

యాదమ్మ కూతురి అత్తవారిల్లు సైదాబాదులోనే, వీరేశం ఇంటికి నాలుగు గడపల దూరం. బుధవారం వచ్చి, ఇక్కడే మడి కట్టుకొని వండి చూడమని రంగమ్మకు కబురు చేశాను. నచ్చితే ఉండిపోవచ్చును. ఇంట్లో రెండవ విస్తరి వేసి ఎన్నాళ్లయినదో...

చతుర్దశి, బుధవారం

యాదమ్మ వెంట వచ్చింది. బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో సామానుగదిలోకి వెళ్లింది. గిన్నెల మూట వెంట తెచ్చుకున్నది. అది చూసి నా మనసు తేలికపడింది. నేను వంటింటి గుమ్మం ఇవతలే నిలబడ్డాను, ముట్టుకోకూడదు కనుక. యాదమ్మ వాకిట్లో.

రంగమ్మ చుట్టూ చూసింది. ఎంత జాగా చేసినవ్ అన్నది. తర్వాత మధ్య అర దగ్గర ఆగింది.

"గిది ఖాళీగున్నది. ఏం సామాను ఒడిసింది అన్నా?"

మీద వ్రాసి ఉన్నది, చూడు అన్నాను. ఆమె చీటీ వైపు చూసింది. లేచి ఉన్న దాని అంచును వేలితో అదిమింది. తర్వాత నా ముఖం వైపు చూసింది. వాకిట్లో యాదమ్మ చిన్నగా నవ్వింది.

పరాయి మనిషి ముందు నా తల కొట్టేసినట్టయింది. ఇంత వయసు వచ్చినా నాలుగక్షరాలు నేర్వకపోతే ఎట్లా అన్నాను. బడిలో పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగే గొంతుతోనే అన్నాను.

రంగమ్మ కోపగించలేదు. పొయ్యి మీద పప్పు పెడుతూనే మాట్లాడింది.

"ఊరందరి పిల్లలకు చదువు జెప్పినవ్ అన్నా. నేను నీ పలక కడిగిచ్చిన. గదే నా చదువు."

పప్పు ఉడికేసరికి ఇల్లంతా కిరసనాయిలు వాసన. డబ్బాల మధ్య ఒక బెత్తెడు కూడా ఎడం లేదు. పప్పు డబ్బాకు బిగువైన మూత లేదు. బర్రెకు కూడా పెట్టరాదు అన్నది యాదమ్మ. రంగమ్మ పొయ్యి ఆర్పింది. గిన్నె తోమి, తుడిచి, మూటలో కట్టుకున్నది. తినకుండానే, ఎండలో, యాదమ్మ వెంట వెళ్లిపోయింది.

అది నీ పేరే అని చెప్పడానికి మూడు మాటలు చాలును. చెప్పలేదు.

పూర్ణిమ, గురువారం

వీధిలో కామదహనం. తలుపు వేసుకున్నాను.

బహుళ పాడ్యమి, శుక్రవారం

పాలు పోస్తూ యాదమ్మ నా వైపు చూడలేదు. నేనే అడిగాను: దారిలో ఏమైనా అన్నదా?

"ఏమంటది? నిమ్మలంగ నడిసింది. మా అన్నకు ఇంకొక మనిషి ఎందుకు, అన్ని కాయిదాల మీద రాసుకున్నడు అన్నది."

చెంబు నింపి మళ్లీ చెప్పింది. "జీలకర్ర కోసం ఆమె చెయ్యి యాడికి వొయ్యిందో చూసినవా పంతులూ? నేను జూసిన. పొయ్యి దిక్కు, ఎడమకు, బుజం ఎత్తుల. గాడ లేదు. నువ్వు 'జ' కాడ వెట్టినవేమో."

కమలమ్మ కూడా అక్కడే పెట్టేది. ఇప్పుడు గుర్తుకు వస్తున్నది — ఆమె తల తిప్పకుండా చేయి చాచేది.

విదియ, శనివారం

చీటీలు నానబెట్టి ఊడదీశాను. ఒక్కటి తీయలేదు.

తదియ, ఆదివారం

యాదమ్మ వాకిట్లో కూర్చొని చెబుతూ ఉంటే మళ్లీ సర్దాను. పొద్దూమాపూ వాడేవి పొయ్యి వైపు. వారానికి ఒకసారి తీసేవి వెనుక. బరువైనవి కింద. కిరసనాయిలు వసారాలోకి; పోతే పోనీ. కందిపప్పు ఎండబోశాను. మడిసామాను ఎవరి చేయీ తగలకుండా మధ్య అరలో ఒంటిగా ఉండాలి, దాని పక్కన ఏమీ ఆనకూడదు అన్నది. మధ్యలో ఒకసారి, "గట్ల గాదు, నీకు ఎన్నిమార్లు చెప్పాలె" అని కసిరింది. దిద్దుకున్నాను.

మొదటిసారి కంటె ఎక్కువ జాగా మిగిలింది. ఎట్లాగో తెలియదు.

చవితి, సోమవారం

మళ్లీ కబురు పంపాను. పర్భణీ ప్రయాణానికి మూట కట్టుకున్నదట. రాను అనలేదు, వస్తాను అనలేదు. యాదమ్మ నోటి మాటతో ఇది తీరదు. నేను అన్న మాటను నేనే వెనక్కు తీసుకోవాలి.

వ్రాయాలి. వ్రాస్తే ఎవరు చదువుతారు? ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినది వీరేశం ఒక్కడే. అతని కొడుకు పెండ్లి శుభలేఖను ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపినది నేనే. అప్పటి నుండి మాటలు లేవు.

పంచమి, మంగళవారం

రెండు చిత్తుప్రతులు చింపివేశాను. ఆచారం ప్రకారం 'గంగాభాగీరథీ సమానురాలైన' అని మొదలుపెట్టాను. ఆమె వైధవ్యాన్ని ఆమె మరిది నోట మొట్టమొదటే వినిపించడం ఎందుకని కొట్టివేశాను. యాదమ్మ చేతికి ఇచ్చినదానికి నకలు ఇది. తేదీ, ఊరు వేయలేదు.

"చెల్లెలు రంగమ్మకు అన్న ఆశీస్సులు.

ఆ అరలో ఏ సామానూ ఒడవలేదు. దాని మీద వ్రాసినది నీ పేరు. నీ గిన్నెల కోసం ఖాళీ చేసినది. నీవు అడిగినప్పుడే చెప్పవలసింది. చెప్పక, పరాయి మనిషి ముందు నిన్ను చిన్నబుచ్చాను. మన ఇంట్లో పలక ఒక్కటే ఉండేది, అది నా చేతిలో ఉండేది. నలభై ఏళ్లు పిల్లలకు పలకలు పట్టించినవాణ్ణి, నీకు ఒకటి ఇవ్వాలని ఒక్కనాడూ తోచలేదు. ఆ తప్పు నాది.

జీలకర్ర నీ చేయి వెళ్లిన చోట పెట్టాను.

నీ మేలు కోరి రమ్మంటున్నానని అన్నాను. అది సగమే. కమలమ్మ పోయిన తర్వాత ఈ ఇంట్లో నా గొంతు నాకే వినిపించడం లేదు. పొద్దున పాలు పోయించుకునేటప్పుడు తప్ప మాట్లాడను. ఉగాదికి ముందే రా.

వీరేశం గారికి మనవి. ఈ ఉత్తరాన్ని మీరు మనసులో చదువుకొని సారాంశం చెప్పవద్దు. దోషాలు కనిపిస్తే ఎర్రసిరాతో దిద్ది పంపండి, పుచ్చుకుంటాను. నా తప్పు ఒప్పుకున్న చోట మీ ఇంటివారంతా విన్నా నాకు అభ్యంతరం లేదు. మా చెల్లెలిని ఎదుట కూర్చోబెట్టి, ఒక్క మాట విడవకుండా, నిదానంగా, పైకి చదివి వినిపించండి."