గుట్ట మీది సైకిల్ తొవ్వ

ఆదివారం, రాత్రి

ఇవాళ కూడా బావా నేనూ సైకిళ్ల మీద గుట్ట దారిన పోయాం. బసంత్‌నగర్ రోడ్డంతా సిమెంటు లారీలే. గుట్ట మీదికి ఒక్క లారీ రాదు. మా పాపకు సైకిల్ నేర్పేది అక్కడే అనుకున్నాను.

పైకెక్కగానే ఎర్రజెండా పట్టుకున్న గార్డు ఆపాడు. "రేపటి నుంచి ఈ తొవ్వ బంద్ అన్నా. ఓపెన్‌కాస్టు బొగ్గు గని గీడిదాక వస్తది. పొద్దున గుట్టను పేలుస్తరు."

బావ వైపు చూశాను. పేల్చే ముందు రాళ్లలో బొక్కలు కొట్టే పని ఆయనది.

"నిన్ననే కొట్టినం బామ్మర్ది. ఆఖరుసారి తొక్కుదమని తోల్కొచ్చిన."

కోపం రాలేదు. ఏమీ రాలేదు.

ఇంటికి రాగానే పాప ఎదురొచ్చింది. "బాపు, వచ్చే ఐతారం నన్ను గుట్ట మీదికి తీస్కపోతవా?"

తీస్కపోత అన్నాను.