బరూండా గుడి పక్క పొలం

నేను, హొనోరా డ్రమండ్, అందరూ పిలిచే పేరు నోరా, న్యూ సౌత్ వేల్స్‌లోని బరూండాలో గొర్రెలు పెంచుకునే విధవను. మోకాళ్లు తప్ప అన్నీ సవ్యంగానే ఉన్నాయి, బుద్ధితో సహా. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మునుపు రాసినవి చెల్లవు. అమలు బాధ్యత మా అన్న కొడుకు డెస్మండ్ టూహీది, పొరుగింటి మేవిస్ ప్రింగిల్‌ది.

1. మా అన్న కార్నీలియస్‌కు నాన్న గడియారం. మేము కతోలికులం, నా భర్త ఆలెక్ ప్రెస్బిటేరియన్, వేరే క్రైస్తవ శాఖవాడు కాబట్టి ఫాదర్ లెనిహాన్ మా పెళ్లి బలిపీఠం ముందు చేయలేదు. గుడి వెనక, పూజ వస్త్రాలు దాచే గదిలో చేశాడు. పూలు లేవు, పాట లేదు. "కోట్లు తగిలించే గదిలో పెళ్లేంటే నోరా" అంటూ అన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. గడియారం బాగానే నడుస్తుంది.

2. వదిన బ్రైడీకి గుడి విందుల్లో వాడిన పెద్ద టీ కెటిల్. నా కేకులు గట్టిగా ఉన్నాయని ప్రతి విందులోనూ చెప్పి, రెండేసి తినేది. మూత వదులు. పోసేటప్పుడు వేలితో నొక్కి పట్టుకోవాలి.

3. ఆలెక్ నిచ్చెన మన విచారణకు, అంటే ఈ గుడి సంఘానికి. గుడి రాళ్లు వాగు నుంచి తోలింది మా నాన్న తరం. గాలివానకు పైకప్పు లేచిపోతే ఎక్కి కట్టింది ఆలెక్. "నీ గుడి కాదుగా, నీకెందుకయ్యా శ్రమ" అని ఫాదర్ అంటే, "నా పెళ్లాం తడుస్తుంది ఫాదర్. కింద కాస్త గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

4. గుడి పక్క పొలం. ఆలెక్ పోయినప్పుడు కతోలికుల సమాధుల తోటలో చోటివ్వలేదు. "నియమం నేను పెట్టింది కాదమ్మా" అన్నాడు ఫాదర్ లెనిహాన్, నా ముఖం చూడకుండా. తోట కంచెకు ఆనుకుని, ఇవతల నా పొలంలోనే పూడ్చుకున్నాను. ఇప్పుడు తోట నిండిపోయి విచారణ పెద్దలు ఆ పొలం అడుగుతున్నారు. ఆలెక్ చుట్టూ చిన్న కంచె వేసి మిగతాది తీసుకుంటారట. అలా ఇవ్వను. ఉన్న కంచె పీకాలి, కొత్తది వేయకూడదు. ఇప్పుడున్న ఫాదర్ కార్మొడీ పొలమంతా ఒక్కసారే ఆశీర్వదించాలి. పవిత్ర జలం చల్లుతూ ఆలెక్‌ను తప్పించి నడవకూడదు. ఒప్పుకోకపోతే పొలం డెస్మండ్‌కు, గొర్రెల మేతకు.

5. ఏది జరిగినా నన్ను ఆలెక్ ఎడమ పక్కన పెట్టండి. కంచె మిగిలితే నేనూ దాని బయటే ఉంటాను.

1971 మే 9, బరూండా.

(సంతకం) హొనోరా డ్రమండ్

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు: లెస్లీ హాచ్, తపాలా ఉద్యోగి, ఈనిడ్ కారిగన్, ఉపాధ్యాయిని.