జీపెక్కిన బొంత

తిమ్మక్కకు మైదుకూరు క్యాంపు నుంచి నీ పెనిమిటి దీవెనలు. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

కాలువ సర్వేకు జీపు వచ్చింది. ముందు సీట్లో కూర్చునేది కొలతల దుర్భిణి పెట్టె. కొలత గొలుసు భుజాన వేసుకుని, గతుకు వచ్చినప్పుడల్లా బండిని నెడుతూ వెనక నడిచేది నేను. అదిరితే దుర్భిణి చెడుతుందని, నీ ఎర్రచీరతో కుట్టిన నా బొంతను ఇంజనీరు దొర దానికి చుట్టించాడు. నిన్న ఒక పల్లెలో ఆడవాళ్లు ఆ ఎరుపు చూసి అమ్మవారే వస్తోందనుకున్నారు. చక్రాల ముందు బిందెలతో నీళ్లు వారు పోసి, బొంతకు పసుపు కుంకుమ పెట్టారు.

"అవ్వా, దాహమైతాంది, రవ్వన్ని నీళ్లియ్యి" అన్నాను.

"ఉండప్పా, ముందు తల్లికి పోయనీ" అంది ఒక ముసలామె. బిందె అక్కడే ఖాళీ అయింది.

ఆవు ఈనిందా? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆమెకు నా దండాలు చెప్పు. రాత్రిళ్లు నేను గోనెపట్టా కప్పుకుంటుంటే, ఆ పెట్టె నీ చీరలో వెచ్చగా పడుకోవడం చూసి కడుపు మండుతోంది. సంతకు వచ్చే మీ అన్నతో ఇంకో బొంత పంపు. దొర కంట పడకుండా పైన గోనెపట్టా వేసి కుట్టు. లోపల మాత్రం నీ చీరే ఉండాలి.

ఓబన్న