మచ్చలు పడ్డ నీలం ఊలు

అమ్మాయి వాళ్ళమ్మకి,

కోడి గెలికినట్టున్న నా రాతకీ, తప్పులకీ ఏమీ అనుకోకు. నేను కులాసా. రంగుల షెడ్డులో పనయ్యాక, ఊలు కొని నీకోసం నేనే నీలం రంగు వేశాను. ముంచేముందు చిక్కుపడుతుందేమోనని ఊలు చుట్టల్ని దారంతో గట్టిగా బిగించాను. కట్టిన చోటల్లా రంగెక్కక తెల్లమచ్చలు మిగిలాయి. మేస్త్రీ చూసి, "ఇన్నేళ్ళ పనివాడివి, చిరుతపులికి స్వెట్టరా బాబాయ్?" అని ఒకటే నవ్వు. సిగ్గేసింది. మళ్ళీ ముంచితే నల్లబడుతుంది, నీకేమో నలుపు గిట్టదు.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? మోకాలికి మందు రాసుకుంటున్నావా? పిల్లలకి నా దీవెనలు.

ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లిపెట్టావు, నీకే ఒక్కటీ లేదు. ఈ మచ్చల ఊలు ఎవరికీ ఇచ్చెయ్యకుండా నువ్వే అల్లుకుని తొడుక్కుంటానంటే పంపుతాను. ఆ మాట తొందరగా రాయి.